నాణేన్ని చదివించే బొమ్మ

జేమ్స్ ప్రిన్సెప్ 1840 ఏప్రిల్‌లో లండన్‌లో కన్నుమూశాడు. నలభై ఏళ్ళ వయసు. ఫోటో తీసే విద్యను పారిస్‌లో లోకానికి చాటింది 1839లో. మన పాత నాణేల బొమ్మలు గీసి గీసి ఒళ్ళు గుల్ల చేసుకున్న మనిషికి కెమెరా అందే వేళకు ఆయుష్షు తీరిపోయింది. లెన్సు కింద నాణెం పెట్టిన ప్రతిసారీ నాకు ఈ సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

నేను చరిత్ర చదివినదాన్ని కాదు. కరీంనగర్‌లో మా బాపు పెట్టిన ఫోటో స్టూడియోలో పెరిగాను. డార్క్ రూములో ఎర్ర బల్బు, హైపో వాసన, నెగెటివ్ మీద సన్న పెన్సిలుతో మొహం మీది మచ్చలు మాయం చేసే టచింగ్ పని, ఇవే నా చదువు. బాపు తర్వాత స్టూడియో నేనే నడిపాను. ఫోన్లలో కెమెరాలొచ్చాక పాస్‌పోర్టు ఫోటోలు తప్ప పెద్ద పని మిగల్లేదు. ఆ రోజుల్లోనే నాణేలు సేకరించేవాళ్ళు రావడం మొదలుపెట్టారు. "అక్కా, ఎట్ల తీసినా నల్లగనే వస్తున్నది. అక్షరాలు కనవడ్తలేవు. జర చూడుండ్రి" అంటూ ఒకాయన శాతవాహనుల సీసం నాణెం తెచ్చి బల్ల మీద పెట్టాడు. మనుషుల మొహాల మీద వెలుగు ఎటునుంచి వేయాలో తెలిసిన నాకు, ఆ బొటనవేలి గోరంత సీసం ముక్క కొత్త బడి అయింది.

ఇప్పుడు ఏటా సంక్రాంతి దాటాక ఒక ఆదివారం మా స్టూడియో హాల్లో నాణేల ఫోటోల పోటీ పెట్టుకుంటాం. జగిత్యాల, వరంగల్, హైదరాబాద్ నుంచి స్నేహితులు వస్తారు. బ్యాంకు ఉద్యోగులున్నారు, పంతుళ్ళున్నారు, కిరాణా కొట్టు నడిపే ఆయన ఉన్నాడు, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు. నాణెం ఖరీదుతో పని లేదు, కెమెరా ఖరీదుతోనూ లేదు, ఫోనైనా సరే. ప్రింట్లన్నీ ఒకే సైజులో ఉండాలి, తీసినవాళ్ళ పేరు ఉండకూడదు. గోడకు అంటించాక, నాణేల సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురు ఫోటో మాత్రమే చూసి కాగితం మీద రాస్తారు: ఏ అక్షరాలు కనబడుతున్నాయి, ఏ గుర్తు, ఎక్కడ అరిగింది, ఎక్కడ పగిలింది. తర్వాత అసలు నాణెం బయటికి తీసి పోలుస్తాం. ఎక్కువ చదివించిన ఫోటోకే బహుమతి. కంటికి ఇంపుగా ఉన్న ఫోటో చాలాసార్లు వెనకబడుతుంది. రెండు వందల ఏళ్ళుగా నాణేల బొమ్మలు వేసిన ప్రతివాళ్ళూ ఈ పరీక్షకే నిలబడ్డారని నా నమ్మకం.

ప్రిన్సెప్ కలకత్తా టంకసాలలో అస్సే మాస్టర్, అంటే లోహం మేలిమిని తేల్చే అధికారి. అంతకు ముందు కాశీ టంకసాలలో అదే పని చేశాడు. 1832 నుంచి ఏషియాటిక్ సొసైటీ పత్రికను నడిపాడు. దేశం నలుమూలల నుంచి సైన్యాధికారులు, ఇంజనీర్లు తమకు దొరికిన నాణేలనో వాటి ముద్రలనో ఆయనకు పంపేవాళ్ళు. పగలు టంకసాల కొలువు, మిగిలిన వేళల్లో ఈ పని. నాణేలను తన చేత్తోనే గీసి, రేకు మీద తానే చెక్కి అచ్చుకు ఇచ్చేవాడు. ఇందులో ఎంత కష్టముందో బొమ్మ వేసేవాళ్ళకు తెలుస్తుంది. తెలిసిన లిపిని గీసేటప్పుడు చెయ్యి తనంతట తాను అక్షరాన్ని పూర్తి చేస్తుంది. తెలియని లిపిని గీసేటప్పుడు ఏది అక్షరమో, ఏది గీతో, ఏది తుప్పు తిన్న గుంటో చెప్పే ఆధారమే ఉండదు. కన్ను చూసిందే చెయ్యి గీయాలి, మధ్యలో ఊహ దూరకూడదు. బ్రాహ్మీ లిపి ఎవరికీ రాని కాలంలో ఆయన బ్రాహ్మీ అక్షరాలను ఇలా గీశాడు.

సౌరాష్ట్ర వైపు నుంచి వచ్చిన చిన్న చిన్న వెండి నాణేల మీద ఆయన చాలా కాలం కూర్చున్నాడు. అవి పశ్చిమ క్షత్రపులవి. ఒకవైపు రాజు తల, రెండోవైపు కొండ గుర్తు, దాని చుట్టూ చీమల బారులా బ్రాహ్మీ అక్షరాలు. 1837లో కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ సాంచి స్తూపం కంచె మీది చిన్న చిన్న శాసనాల నకళ్ళు పంపాడు. వాటిని రాతి అచ్చు కోసం ఒకచోట వరుస పెడుతుండగా, ఎక్కువ భాగం ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయని ప్రిన్సెప్ గమనించాడు. గుడికి ఇచ్చిన కానుకల మీద ఏం రాసి ఉంటుంది? 'దానం' అనే ఉంటుంది. దానికి ముందు వచ్చే 'స', ఫలానావారి అని చెప్పే విభక్తి, సౌరాష్ట్ర నాణేల వల్ల అప్పటికే ఆయనకు పరిచయం. అక్కడి నుంచి అక్షరాలు ఒకదాని వెంట ఒకటి విచ్చుకున్నాయి. అశోకుడి శాసనాలు మళ్ళీ మనిషి నోట పలికాయి. అచ్చు కోసం బొమ్మలు సర్దుతుండగా ఆ లిపి లొంగిందన్న ముక్క చదివినప్పుడు, డార్క్ రూములో బతుకు గడిపిన నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. బొమ్మ సిద్ధం చేసేవాడు చదివేవాడికంటే తక్కువవాడు కాడు. ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకరే.

అందరూ ప్రిన్సెప్‌లు కారు. పాత పుస్తకాల్లో నాణేల బొమ్మలు చెక్కిన పనివాళ్ళు చాలామంది అరిగిన ముక్కును నిలబెట్టేవాళ్ళు, సగం తెగిన అక్షరాన్ని పూర్తి చేసేవాళ్ళు, వంకరగా ఉన్న బిళ్ళను చక్కటి గుండ్రంగా మార్చేవాళ్ళు. మా టచింగ్ పని అదే. పెళ్ళికూతురి ఫోటోలో అది మర్యాద, నాణెం ఫోటోలో మోసం. అందుకే మా పోటీలో పెట్టుకున్న మొదటి నిబంధన, అంచులు కత్తిరించడం తప్ప ఫోటోను ఇంకేం దిద్దకూడదని. ఫోన్లు వాటంతట అవే నున్నగా చేసేస్తున్నాయి కనుక ఆ సెట్టింగు ఆపడం ముందే నేర్పిస్తున్నాం.

చెయ్యి మీద నమ్మకం చాలక 1830ల్లో ఫ్రాన్స్‌లో అషీల్ కొల్లాస్ అనే ఆయన యంత్రం పట్టుకొచ్చాడు. నాణెం ఎత్తుపల్లాల మీద సూది నడుస్తుంటే రేకు మీద గీతలు పడతాయి. ఉబ్బు వచ్చినచోట గీతలు వంగుతాయి, దూరం నుంచి చూస్తే నిజంగా ఉబ్బినట్టే ఉంటుంది. ఆ పద్ధతితో పెద్ద సంపుటాలే వచ్చాయి. అవి గొప్పగానే ఉంటాయి కానీ, మూలకు నక్కిన అక్షరం గీతల్లో కలిసిపోతుంది.

కెమెరా వచ్చింది కదా, అంతటితో చిక్కులన్నీ తీరాయా అంటే లేదు. లోహం మెరుస్తుంది. వెండి నాణేనికి ఎదురుగా కెమెరా పెడితే అది గదిలోని కిటికీని చూపిస్తుంది, కెమెరా నల్లటి పెట్టెను చూపిస్తుంది, తన మీది రాజును మాత్రం చూపించదు. రాగి మీద మచ్చలు అక్షరాలకంటే ముదురుగా పడతాయి. సీసమైతే వెలుగంతా మింగేసి బూడిద ముద్దలా కూర్చుంటుంది. దీనికి మ్యూజియం వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ప్లాస్టర్ పోత. మెత్తటి ముద్దలో నాణేన్ని నొక్కి అచ్చు తీసి, ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక అంచులు చెక్కి, వెనక పెన్సిలుతో నంబరు వేస్తారు. బంగారం, వెండి, రాగి, సీసం, అన్నీ ఒకే తెల్లటి బిళ్ళలవుతాయి. మెరుపు పోయింది, మచ్చలు పోయాయి, ఎత్తుపల్లాలే మిగిలాయి. ఆ బిళ్ళల్ని బోర్డు మీద వరుసగా అతికించి, ఎడమవైపు పైనుంచి వెలుగు వేసి, ఒకే ఫోటోలో పదుల కొద్దీ నాణేలు తీసేవాళ్ళు.

వెలుగు పైనుంచే ఎందుకు పడాలో పోటీకి కొత్తగా వచ్చే పిల్లలకు చేసి చూపిస్తాను. నాణెం ఫోటోను తలకిందులుగా పట్టుకుంటే ఉబ్బిన రాజు మొహం గుంట పడినట్టు మారిపోతుంది. ఎండ నెత్తి మీదినుంచి పడడానికి అలవాటు పడిన కన్ను, వెలుగు కింది నుంచి వస్తే ఎత్తును పల్లంగా లెక్కేస్తుంది. చాలా మంచి కేటలాగుల్లో నాణేల మీద నీడ కిందివైపు పడి ఉండడానికి కారణం ఇదే. ఎవరూ చట్టం చేయలేదు, అయినా చాలామంది పాటించారు.

ఆ ఫోటోలను అచ్చు వేసిన కొలొటైప్ పద్ధతి గురించి బాపు చెప్పేవాడు. గాజు పలక మీద జెలటిన్ పూత, దాని మీద సిరా. ఇప్పటి అచ్చులో కనబడే చుక్కలు అందులో ఉండవు. కనుక వందేళ్ళనాటి ప్లేటు మీద భూతద్దం పెట్టినా బొమ్మ విడిపోదు, ఇంకా లోపలికి చూడొచ్చు. పైగా నాణెం ఎంత ఉంటే బొమ్మ అంతే వేసేవాళ్ళు. పుస్తకం మీద స్కేలు పెట్టి నాణేన్ని కొలవొచ్చు. ఇప్పటి ఫోటోల్లో గోరంత నాణెం పళ్ళెమంత కనబడుతుంది, ఎంతుందో రాయకపోతే తెలిసే దారి లేదు. ఈ ఒక్క విషయంలో మనం వెనక్కి పోయామని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మనవాళ్ళ నాణేలకు ఈ భాగ్యం పట్టింది 1908లో. ఆ ఏడాది ఇ.జె. రాప్సన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆంధ్ర వంశం (అంటే శాతవాహనులు), పశ్చిమ క్షత్రపులు, త్రైకూటకులు, బోధి వంశం నాణేల కేటలాగు తెచ్చాడు. శాతవాహన నాణేలు చేరదీసేవాళ్ళు నేటికీ మొదట తిరగేసేది దాన్నే. దానికి ముందు 1880ల్లో వాల్టర్ ఎలియట్ దక్షిణ భారత నాణేల మీద రాసిన పుస్తకం ఉంది. 1845లో అమరావతి శిల్పాలు తవ్వించి మద్రాసుకు చేర్చిన ఎలియట్ ఈయనే. ఉద్యోగంలో ఎక్కువ కాలం మద్రాసు రాష్ట్రంలో గడిపి, స్కాట్లండ్‌లో సొంత ఊరు చేరి, ఎనభై దాటాక, చూపు బాగా మందగించిన వయసులో ఆ పుస్తకం రాశాడు. హైదరాబాద్ మ్యూజియంలోని శాతవాహన నాణేలకు ఎం. రామారావు గారి కేటలాగు 1961లో వచ్చింది. మా స్నేహితుల్లో ఒకాయన దాన్ని అట్ట వేసి, దస్తీలో చుట్టి పోటీకి తెస్తాడు. ప్లేటు మీద వేలు పెట్టనివ్వడు. నాకు ఆ పట్టింపు నచ్చుతుంది.

రాప్సన్ పుస్తకం రావడానికి రెండేళ్ళ ముందు, 1906లో, నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో ఒక పెద్ద నిధి బయటపడింది. పదమూడు వేలకు పైగా వెండి నాణేలు, అన్నీ క్షహరాత వంశపు రాజు నహపానుడివే. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. ఓడిన రాజు వెండిని కరిగించే ఖర్చు పెట్టుకోలేదు, ఆ మొహం మీదనే తన కొండ గుర్తు, తన పేరు, వెనకవైపు నాలుగు గుండ్రాల ఉజ్జయిని గుర్తు దించాడు. గెలిచిన సంగతి ఊరూరా చేరడానికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది? శాసనం ఉన్నచోటే ఉంటుంది, నాణెం నడిచి వెళ్తుంది. రెవరెండ్ హెచ్.ఆర్. స్కాట్ ఆ రాశిని పరిశీలించి, నహపానుడి తలలన్నీ ఒకే పోలికలో లేవని చూపించాడు. కొన్నిటిలో కుర్రవాడు, కొన్నిటిలో ముదుసలి, ముక్కూ దవడా కూడా మారిపోయాయి. వేల నాణేలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అలాంటి మాట చెప్పలేరు.

ఇలా రెండుసార్లు ముద్ర పడ్డ నాణెం ఫోటోగ్రాఫర్‌కు పెట్టే పరీక్ష ఇంకే నాణెమూ పెట్టదు. మా పోటీకి ఒకసారి ఇలాంటిది వచ్చింది. తెచ్చిన ఆయన తీసిన ఫోటోలో శాతకర్ణి కొండ మాత్రమే ఉంది. వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి ఆ నాణేన్నే తీసుకుని, దీపాన్ని బల్ల ఎత్తుకు దించేసి, వెలుగు ఏటవాలుగా నాణేన్ని రాసుకుంటూ పోయేలా పెట్టింది. తర్వాత నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ పోయింది. ఒక కోణంలో కొండ వంపుల కింద నుంచి నహపానుడి ముక్కు గీత, పెదవి, గడ్డం బయటికి వచ్చాయి. హాల్లో ఉన్నవాళ్ళందరం లేచి నిలబడ్డాం. రెండు వెలుగుల్లో రెండు ఫోటోలు తీసి పక్కపక్కన అంటించింది. ఇద్దరు రాజులూ ఒకే వెండి మీద. ఆ సంవత్సరం బహుమతి ఎవరిదని చర్చే జరగలేదు.

వెలుగును ఎంత దించాలన్నది లోహాన్ని బట్టి, అరుగుదలను బట్టి ఉంటుంది. బాగా అరిగిన నాణేనికి బాగా దించాలి, అప్పుడు ఆవగింజంత ఎత్తు కూడా నీడ పరుస్తుంది. అచ్చు గట్టిగా పడిన నాణేనికి అంత దించితే నీడలు అక్షరాలను కప్పేస్తాయి. దీపం ముందు పాల రంగు కాగితం అడ్డం పెట్టడం, ఎదురుగా తెల్ల అట్ట నిలబెట్టి నీడల్ని కొంచెం తేల్చడం, ఇవన్నీ స్టూడియోలో మొహాలకు చేసినవే. సీసానికి మాత్రం నేను పగటి వెలుగే వాడతాను. ఉత్తరం కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట, పొద్దున పూట. బల్బు వెలుగులో సీసం ఒకే నలుపు, కిటికీ వెలుగులో దానికీ రంగులుంటాయి.

శాతవాహనుల సీసం నాణేల్లో, పోటిన్ అనే మిశ్రలోహపు నాణేల్లో ఇంకో చిక్కుంది. ముద్ర పెద్దది, బిళ్ళ చిన్నది. రాజు పేరు చుట్టూ రాసి ఉన్నా, ఒక్కో బిళ్ళ మీద నాలుగైదు అక్షరాలే పడతాయి. ఒక బిళ్ళలో పేరు మొదలు, ఇంకోదానిలో నడుమ, మరోదానిలో చివర. పూర్తి పేరు ఏ ఒక్క నాణెం మీదా ఉండకపోవచ్చు. మన పక్కనే గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల నాణేల కథ ఇదే. పెద్దవాగు గోదావరిలో కలిసే ఆ పాటిగడ్డ మీద దొరికిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు 1970ల్లో చదివి లోకానికి చెప్పారు. గోబద, నారన, కంవాయ, సమగోప అని అంతవరకు ఎవరూ వినని రాజుల పేర్లు వాటి మీద ఉన్నాయి. శాతవాహన వంశానికి మొదటివాడని పురాణాలు చెప్పే శిముకుడి పేరు 'చిముక' అని ఉంది. పురాణాల ప్రతుల్లో ఒక్కోచోట ఒక్కోలా మారిపోయిన ఆ పేరుకు గోదావరి ఒడ్డు నుంచి నాణెం సాక్ష్యం పలికింది. ఊళ్ళలో ఉన్న ఔత్సాహికులు వానాకాలం తర్వాత మట్టిలో తేలిన బిళ్ళలను భద్రం చేసి పండితుల దాకా చేర్చకపోతే అవి ఏ కంచరి మూసలోనో కరిగిపోయేవి. మా పోటీకి వచ్చేవాళ్ళు అలాంటి మనుషుల కొనసాగింపేనని నేను అనుకుంటాను.

ఒక్క బిళ్ళ మీద పూర్తి పేరు దొరకదు కాబట్టి ఒక ఏడాది పోటీని పోటీలా కాకుండా కూడి చేసే పనిలా పెట్టాం. ఏనుగు గుర్తున్న శాతకర్ణి నాణేలు మావాళ్ళలో చాలామంది దగ్గరున్నాయి. ఎవరి నాణెం వాళ్ళు ఒకే ఎత్తు నుంచి, ఒకే వెలుగులో తీసి, పారదర్శక షీటు మీద ప్రింటు తెచ్చారు. ఏనుగు మీద ఏనుగు వచ్చేలా షీట్లు ఒకదానిపై ఒకటి పేర్చి, కింద లైటు వేశాం. ఒకరి నాణెంలో 'రఞో సిరి', ఇంకొకరి దానిలో 'సాత', మూడోదానిలో 'కణిస'. రాజు పేరు చుట్టూ తిరిగి పూర్తయింది. కిరాణా కొట్టు ఆయన బ్రాహ్మీ అక్షరాలు మాతోపాటే నేర్చుకున్నాడు. ఆయన వేలితో ఒక్కో అక్షరం చూపిస్తూ పైకి చదివిన తీరు నేను మరిచిపోలేను. ఒక్కరి దగ్గర ఉంటే ఆ పేరు ఎప్పటికీ పూర్తయ్యేది కాదు.

ఫోటోలు పక్కపక్కన పెట్టడం వల్ల ఇంకో సంగతి కూడా బయటపడింది. ఇద్దరి నాణేల్లో ఏనుగు తొండం కింద ఒకే చోట ఒకే గుంట, ఒకే గీత కనబడ్డాయి. ముద్ర ఒకటే అయితే గుర్తులు కలవొచ్చు. కానీ నాణెం వాడుకలోకి వెళ్ళాక పడిన గీత రెండు నాణేల మీద ఒకేలా ఉండడానికి వీల్లేదు. అలా ఉంటే ఒకదాన్ని అచ్చు తీసి ఇంకోదాన్ని పోత పోశారన్నమాట, లేదా రెండూ పోతలే. తూకం వేసి, అంచు మీద పోత అతుకు కోసం వెతికి, ఏది నకిలీయో తేల్చుకున్నాం. కొన్నాయన దిగులు పడ్డాడు. ఆ నకిలీ ఫోటోను కూడా మేం దాచి ఉంచాం, ఇంకొకరు డబ్బు పెట్టకుండా అది కాపాడుతుంది కనుక.

సీసం నాణేలంటే ప్రాణం పెట్టే మాకు హైదరాబాద్ పిల్లలు తెచ్చే నిజాం రూపాయలు వేరే పాఠం. 1903లో సైఫాబాద్‌లో టంకసాల నెలకొన్నాక హైదరాబాద్ రాజ్యంలో కొత్త రూపాయి వచ్చింది. దాని మీద రాజు తల లేదు, చార్మినార్ ఉంది. అంతకు ముందు 1858 దాకా అక్కడి నాణేల మీద ఢిల్లీ మొగల్ చక్రవర్తి పేరే నడిచింది. ఈ చార్మినార్ నడిమి ద్వారంలో ఒకే ఒక్క అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ నాణెమైతే 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ నాణెమైతే 'ఐన్'. ఆవగింజంత అక్షరం. ఎవరి రాజ్యమో అది చెబుతుంది. ఏటవాలు వెలుగు వేస్తే ద్వారం అంచు నీడ పడి ఆ అక్షరం మునిగిపోతుంది.

దీనికి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు మా స్టూడియో అటక మీదున్న ఫోటో ఫ్రేముల గాజు ముక్కనే వాడాడు. నాణెం పైన గాజును నలభై ఐదు డిగ్రీల వాలులో నిలబెట్టాడు. పక్కనుంచి వేసిన వెలుగు గాజుకు తగిలి నిలువుగా నాణెం మీదికి దిగుతుంది, మళ్ళీ గాజులోంచి పైకి కెమెరాకు చేరుతుంది. నున్నటి నేల భాగమంతా తెల్లగా వెలుగుతుంది, అక్షరాల అంచులు నల్లగా తేలతాయి. మినార్ల మీది చిన్న కిటికీలు, ద్వారంలో 'ఐన్', అంచు చుట్టూ ఫార్సీ అక్షరాలు, ఒకటీ పోలేదు. "బాపు ఉంటే నిన్ను కొలువులో పెట్టుకుంటుండె" అన్నాను. ఆ రోజు ఒక పెద్దాయన ఈ రూపాయితో బజారు చేసిన రోజులు చెప్పుకొచ్చాడు. హాలీ సిక్కా అని పిలిచే ఈ రూపాయి 1959 దాకా చెల్లింది కనుక చేత్తో పట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు. సైఫాబాద్ టంకసాల పని 1997లో చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022 నుంచి మ్యూజియం నడుస్తోంది. ఇప్పటి మన నాణేల మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌లో అచ్చయినట్టు. చిన్న పిల్లలకు పోటీ పెట్టినప్పుడు జేబులోని చిల్లరలో ఆ నక్షత్రం వెతికి ఫోటో తీయమంటాం.

ఒక విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. చింతపండు వేసి తోమిన నాణేన్ని పోటీలోకి రానివ్వను. ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టు రాగి నాణేన్ని తోమితే తళతళలాడుతుంది, ఫోనులో బాగానే పడుతుంది కూడా. కానీ శతాబ్దాలు మట్టిలో ఉండి కట్టిన ఆకుపచ్చ పొర దాని కవచం. అది పోతే లోపలి లోహానికి మళ్ళీ తెగులు పట్టుకుంటుంది, అక్షరాల మొనలూ పోతాయి. సీసం నాణేలకు ఇంకో శత్రువు చెక్క పెట్టె. కొన్ని రకాల చెక్క నుంచి, చవక అట్ట నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిలా రాలిపోతుంది. రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ ఉన్న నాణెం, తూర్పు తీరం వర్తకానికి గుర్తు, ఇలా అందమైన టేకు పెట్టెలో పొడైపోవడం చూశాను. దాని ఫోటో కూడా ఎవరూ తీయలేదు. ఓడ ఎలా ఉండేదో ఇప్పుడు దాని యజమాని నోటిమాటే ఆధారం.

కాసులపేరులో గుచ్చిన కాసులు కూడా వస్తాయి. కొక్కెం అతికిన మరక, చిల్లు, ఒంటికి రాసుకుని అరిగిన వైపు, అన్నీ ఫోటోలో పడాలని చెబుతాను. మచ్చ తీసేయమని అడిగిన ఇల్లాలికి, ఆ మచ్చే మీ అత్తగారి మెడ గుర్తు అని చెబితే ఆమె కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

పొలంలో ఇటీవలే దొరికిందని చెప్పిన నాణేన్ని ముందు అధికారులకు చూపించమంటాం. పది రూపాయలు మించిన విలువైన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. నిధిలో ఒక్కో నాణెం ఒక్కో చేతికి పోతే, అవన్నీ ఒకే కుండలో కలిసి ఉన్నాయన్న సంగతి మళ్ళీ ఎవరికీ తెలియదు. జోగల్‌తెంబి వెండి ఆ మొదటి రోజుల్లోనే చెదిరిపోయి ఉంటే, నహపానుడి మీద గౌతమీపుత్రుడి గెలుపుకు ఇంత పెద్ద సాక్ష్యం మన చేతిలో ఉండేదే కాదు.

పాత కేటలాగులు తిరగేసిన కొద్దీ మా నిబంధనలు కూడా మారుతూ వచ్చాయి. ముందు ఒక వైపు ఫోటో ఇస్తే సరిపోయేది. ఇప్పుడు రెండు వైపులా, అంచు, పక్కన మిల్లీమీటర్ల స్కేలు, ప్రింటు వెనక గ్రాముల్లో తూకం, లోహం, దొరికిన ఊరు తెలిస్తే ఆ ఊరు రాయాలి. రెండు వైపుల అమరిక కూడా రాయాలి: నాణేన్ని పక్కకు తిప్పితే వెనక బొమ్మ నిటారుగా ఉందా, తలకిందులైందా అని. రాప్సన్ తూకాలన్నీ గ్రెయిన్లలో ఇచ్చాడు, మేం వాటిని గ్రాముల్లోకి మార్చి గోడకు ఒక పట్టిక అంటించాం. ప్రతి ప్రింటుకూ రెండు నకళ్ళు. ఒకటి యజమానికి, ఒకటి స్టూడియో బీరువాలో, బాపు పెళ్ళి నెగెటివ్‌లు దాచిన అరలో.

వచ్చే సంక్రాంతి పోటీకి సీసం నాణేలే తీసుకున్నాం. అరిగినవి, పగిలినవి, ఎవరూ కొననివి తెమ్మని చెప్పాను. వెండి చార్మినార్లు ఈసారి ఇంట్లోనే ఉంచండని హైదరాబాద్ పిల్లలకు ఫోను చేశాను, ఉత్తరం కిటికీ దగ్గర చోటు దొరకాలంటే పొద్దున ఎనిమిదికల్లా రమ్మన్నాను.